జరిమానా పోయాక మాస్కు

మాస్కు మాట ఎత్తితే ఇప్పుడు జనానికి నవ్వొస్తుంది. బస్సులో ఎవరైనా మూతికి మాస్కుతో కనిపిస్తే "ఇంకెక్కడి కరోనా సారూ" అని పలకరించడం అలవాటైపోయింది. నవ్వేవాళ్లను తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. రెండేళ్లు ఊపిరి బిగబట్టి బతికినవాళ్లు ఊపిరి వదిలినప్పుడు నవ్వుకుంటారు. నా సందేహం వేరే. చట్టం చెప్పినన్నాళ్లు చేసిన పనిని, చట్టం ఊరుకున్నాక కూడా చేయాలా? చేయాలంటే ఎవరి కోసం? ఈ ప్రశ్న చూడటానికి చిన్నదే. కానీ పట్టుకుని పోతే మన పిల్లల చదువు దాకా, మన వాడల్లోని దగ్గు దాకా, మనల్ని చూసి ముక్కు మూసుకున్న పాత రోజుల దాకా పోతుంది. అందుకే గిరిజన యువకులకూ, వాళ్ల చెల్లెళ్లకూ తమ్ముళ్లకూ చదువు చెప్పే టీచర్లకూ దీంతో పని ఉందనుకుంటున్నాను.

తేదీలు ఒకసారి చెప్పుకుందాం, మరిచిపోవడంలో మనం గట్టివాళ్లం కాబట్టి. తెలంగాణలో మొదటి కేసు 2020 మార్చి 2న బయటపడింది. అదే నెల 22న జనతా కర్ఫ్యూ, ఆ వెంటనే లాక్‌డౌన్. ఆ తరవాత మాస్కు లేకుండా బయటికి వస్తే వెయ్యి రూపాయల జరిమానా వచ్చింది. 2021 ఎండాకాలంలో రెండో విడత వచ్చి ఊళ్లలో చావు డప్పులు ఆగకుండా మోగినప్పుడు, మే 12 నుంచి జూన్ 19 దాకా మళ్లీ లాక్‌డౌన్. 2022 మార్చి 31తో విపత్తు నిర్వహణ చట్టం కింద పెట్టిన కరోనా ఆంక్షలను కేంద్రం ముగించింది, మాస్కు ఒక సలహాగా మాత్రం మిగిలింది. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది. రోగం ముగిసిందని ఆ సంస్థ అనలేదు, అత్యవసరం ముగిసిందని అంది. ఆ తేడాను వినేంత ఓపిక అప్పటికి ఎవరికీ లేదు.

జరిమానా రోజుల్లో మనం నేర్చుకున్నదేమిటో చూద్దాం. 2021–22లో ఉపాధి హామీ కూలి మన రాష్ట్రంలో రోజుకు 245 రూపాయలు. నాలుగు రోజుల మట్టిపని చేస్తే 980. అంటే ఒక్కసారి మూతి తెరిచి దొరికితే నాలుగు రోజుల కూలి పోయి, పైన ఇరవై రూపాయలు అప్పు మిగులుతుంది. అందుకని మనవాళ్లు చాలా తెలివిగా మాస్కును గడ్డం కింద పెట్టుకున్నారు. చౌరస్తాలో పోలీసు కనబడగానే పైకి లాగడం, దాటగానే కిందికి దించడం. మాస్కు లేనివాళ్లు తువ్వాల, ఆడవాళ్లు కొంగు. వాడలో ఇంటి అరుగు మీద పదిమంది కూర్చున్నప్పుడు, అసలు అవసరమైన చోట, ఎవరి మూతికీ ఏమీ ఉండేది కాదు. అక్కడ పోలీసు లేడు కదా.

ఇందులో జనం మూర్ఖత్వం ఏమీ లేదు. వాళ్లకు ఎట్లా చెప్పారో అట్లా విన్నారు. మాస్కు ఎదుట నిలబడ్డ మనిషి కోసమని చెప్పినవాళ్లు తక్కువ, కట్టుకోకపోతే వెయ్యి అన్నవాళ్లు ఎక్కువ. భయంతో వచ్చిన అలవాటు భయం పోగానే పోయింది. పిల్లల విషయంలో టీచర్లకు ఇది కొత్త సంగతి కాదు. బెత్తం పట్టుకున్న సారు క్లాసులో నిశ్శబ్దం, సారు గడప దాటగానే సంత.

ఇక్కడ మా ఎరుకలవాళ్ల సంగతి ఒకటి చెప్పాలి. మూతీ ముక్కూ కప్పుకోవడం అనే పనితో మాకు కరోనా కంటే చాలా పాత పరిచయం ఉంది. సిద్దిపేట చుట్టుపక్కల మా వాడలు ఎక్కువగా ఊరి అంచునే ఉంటాయి. పందుల పెంపకం, ఈత బరిగెలతో గంపలూ బుట్టలూ అల్లడం మా పెద్దల పని. బడిలో నా పక్క కూర్చున్న పిల్లలు ముక్కు మూసుకుని మొహం అటు తిప్పుకునేవాళ్లు. ఇంట్లో తానం చేసి, ఉతికిన అంగీ వేసుకుని పోయినా మూసుకునేవాళ్లు. వాసన మా ఒంటి మీద లేదు, వాళ్లకు తెలిసిన మా పేరు మీద ఉంది. గంపలు అమ్మడానికి పోయిన మా ఆడవాళ్ల ఎదుట కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని బేరం చేసిన ఇళ్లు నాకు తెలుసు. గంప మటుకు లోపలికి పోయేది.

తుంపరకు కూడా కులం అంటగట్టిన దేశం మనది. పీష్వాల కాలంలో పుణేలో అంటరానివాళ్లు తమ ఉమ్మి నేల మీద పడకుండా మెడలో మట్టికుండ వేలాడేసుకుని తిరగాల్సి వచ్చిందని అంబేడ్కర్ 1936లో అచ్చయిన ‘కుల నిర్మూలన’లో రాశారు. అక్కడ కుండ ఎవరినీ రోగం నుంచి కాపాడలేదు. ఫలానా మనుషుల నోటి నుంచి వచ్చేది మాత్రమే మైల అని పదిమందికీ చూపించడానికి అది కట్టారు. మరో పక్క జైనుల్లో కొందరు సాధువులు ఎప్పుడూ మూతికి తెల్లగుడ్డ కట్టుకుని ఉంటారు. తమ ఊపిరికి కంటికి కనపడని ప్రాణి కూడా చావకూడదని వాళ్ల నియమం. అదీ మూతికే, ఇదీ మూతికే. కానీ ఒకటి ఎదుటివాళ్లు బలవంతంగా కట్టించింది, ఇంకొకటి తానే ఎదుటి ప్రాణి కోసం కట్టుకున్నది.

నేను చెప్పదలచుకున్న తేడా ఇదే. ఎదుటి మనిషిని చూసి మూతి కప్పుకోవడం ఒక పని, ఎదుటి మనిషి కోసం కప్పుకోవడం ఇంకో పని. కంటికి రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. గుడ్డ అదే, ముడి అదే. 2020లో మొదటిసారి బ్యాంకు గుమస్తా, పట్టేదారు, సర్పంచి, డాక్టరు, మా వాడ ముసలమ్మ అందరూ ఒకే రకంగా మూతి కప్పుకున్నారు. తుంపరకు కులం లేదని పాఠ్యపుస్తకాలు చెప్పలేనిది ఒక్క నెలలో ఊరందరికీ తెలిసిపోయింది. ఆ రోజుల్లో మా వాడవాళ్లను చూసి ఎవరైనా ముక్కు మూసుకుంటే అది మా మీద అసహ్యమో, అందరిలాగే జాగ్రత్తో చెప్పలేకపోయేవాళ్లం. చెప్పలేకపోవడం కూడా ఒక రకం హాయి. (పేపర్లలో మొదట ‘సామాజిక దూరం’ అని రాశారు, తరవాత ‘భౌతిక దూరం’ అని మార్చుకున్నారు. మార్చుకోవడం మంచిదే. సామాజిక దూరమంటే ఏమిటో మాకు ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు.)

మాస్కును జనం రోగానికి అడ్డుగా నమ్మిన కథలో కూడా ఈ చిన్నచూపు ఉంది. 1910 చివర్లో మంచూరియాలో ఊపిరితిత్తుల ప్లేగు వచ్చింది. మలయాలో పుట్టి కేంబ్రిడ్జిలో చదివిన వూ లియన్‌టె అనే చైనా డాక్టరు హార్బిన్ నగరానికి పోయి, ఈ ప్లేగు గాలి ద్వారా మనిషి నుంచి మనిషికి అంటుతోందని గుర్తించాడు. దూదీ గాజుగుడ్డా కలిపి కుట్టిన మాస్కు కట్టుకోమని డాక్టర్లకూ నర్సులకూ చెప్పాడు. మెనీ అనే ఫ్రెంచి డాక్టరు, వయసులో, పేరులో తన కంటే చిన్నవాడైన ఒక చైనా మనిషి చెబితే వినడమేమిటని కొట్టిపారేశాడు. మాస్కు లేకుండా రోగులను చూశాడు. కొద్ది రోజుల్లోనే, 1911 జనవరిలో, అదే ప్లేగుతో చనిపోయాడు. ఆ ప్లేగులో సుమారు 60 వేల మంది పోయారు. మాట ఎవరి నోటి నుంచి వచ్చిందన్నది చూసి మాటను తూచేవాళ్లు మనకూ కొత్త కాదు కనుక ఈ కథను నేను పిల్లలకు తప్పకుండా చెబుతాను.

అయితే మాస్కు వల్ల నష్టమే లేదని చెబితే అది అబద్ధం. నష్టం ఉంది. ముఖ్యంగా మన పిల్లలకు ఉంది.

ప్రాథమిక తరగతుల పిల్లలు 2020 మార్చి నడుమ నుంచి 2021 సెప్టెంబరు 1 దాకా బడి మొహం చూడలేదు. నడుమ 2020 సెప్టెంబరు నుంచి టీశాట్, దూరదర్శన్ యాదగిరి చానెళ్లలో పాఠాలు వచ్చాయి. టీవీ ఉన్న ఇల్లు, టీవీ ముందు కూర్చోబెట్టే పెద్దమనిషి ఉన్న ఇల్లు ఎన్ని అన్నది వేరే లెక్క. పదిహేడు నెలల తరవాత బడి తెరిస్తే ఒకటో తరగతికీ రెండో తరగతికీ వచ్చిన మా వాడ పిల్లలు ఇంట్లో కుర్రు భాష మాట్లాడేవాళ్లు, తండా పిల్లలు గోర్ బోలీ మాట్లాడేవాళ్లు. తెలుగు వాళ్లకు బడిలో దొరికే భాష. భాషను పిల్లలు చెవితోనే నేర్చుకుంటారని అనుకుంటాం గానీ, కొత్త భాషను కంటితో కూడా నేర్చుకుంటారు. ప, బ, మ అన్నప్పుడు సారు పెదాలు కలుస్తాయి. త, ద అన్నప్పుడు నాలుక పళ్లకు తగులుతుంది. ఫ అన్నప్పుడు పెదవుల నడుమ నుంచి గాలి వస్తుంది. పిల్ల నా మూతి చూసి తన మూతి అట్లా పెడుతుంది. మాస్కు వెనక నుంచి నేను ‘బలపం’ అంటే వాళ్లకు వినపడింది ఒకటి, వాళ్లు తిరిగి అన్నది ఇంకొకటి. ఇంట్లో తెలుగే మాట్లాడే పిల్లకు ఆ లోటు కనపడదు, వినకముందే ఆ మాట ఆమెకు తెలుసు. మన పిల్లకు కనపడుతుంది.

అయిదేళ్ల లోపు పిల్లలకు మాస్కు తప్పనిసరి చేయవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2020లోనే చెప్పాయి. ఆరేళ్ల పిల్లకు రెండో భాష నేర్పే సారు మూతి గురించి మాత్రం ఏ కాగితంలోనూ చదివిన గుర్తు లేదు. కనుక మాస్కు తీసేసి మొహాలు చూసుకునే రోజు రావడం నాకు నిజంగా సంతోషమే. 2022 ఫిబ్రవరిలో మేడారం జాతరకు లక్షల మంది పోయి వచ్చినప్పుడు ఏం జనమిది, బుద్ధి లేదా అని తిట్టినవాళ్లున్నారు. రెండేళ్లు ఒకరి మొహం ఒకరు సరిగా చూసుకోని మనుషులు అమ్మల గద్దెల దగ్గర పసుపు రాసుకుని ఒకరినొకరు పట్టుకుని ఏడవడం నాకు బుద్ధిలేనితనంగా కనిపించలేదు. మొహం చూసి మాట్లాడటం మనిషికి తిండిలాంటి అవసరం. దాన్ని కాదనే నీతి ఏదైనా ఎక్కువ కాలం నిలవదు.

అందరూ మాస్కులు తీసేశాక కూడా ఏడో తరగతిలో ఒక పాప తీయలేదు. ఎండాకాలం ఒంటిపూట బడిలో కూడా చెమటలు కారుతుంటే అట్లాగే కూర్చునేది. మధ్యాహ్న భోజనం అప్పుడు గోడ వైపు తిరిగి తినేది. స్టాఫ్‌రూంలో ఒకరిద్దరు "తీయమని గట్టిగ చెప్పు, లేకుంటే అట్లనే అలవాటైతది" అన్నారు. ఆ పాపకు కరోనా భయం లేదు. పళ్ల మీద గోధుమరంగు మరకలు ఉన్నాయి, చిన్నప్పుడు తాగిన బోరు నీళ్లవే అయ్యుంటాయి. మిషన్ భగీరథ నీళ్లు రాకముందు పుట్టిన పిల్లలు మన దగ్గర ఇట్లా ఇంకా ఉన్నారు. మాస్కు పెట్టుకున్న రెండేళ్లు ఆమెను ఎవరూ ‘గారపండ్లది’ అని పిలవలేదు. జీవితంలో మొదటిసారి నోరు తెరిచి ప్రశ్నలడిగిన రెండేళ్లు అవి. ఇప్పుడు ‘మామూలు’ వచ్చింది, తీసెయ్ అంటే, ఆమె ఏ మామూలుకు తిరిగి పోవాలి?

నేను తీయమనలేదు. మాస్కు తీయించడం కంటే ముందు ఆ పేరు పెట్టి పిలిచే నోళ్ల సంగతి చూడాలని నా అభిప్రాయం. ఎండకు ఉక్కపోస్తే ఆమే తీసుకుంటుంది, ఆమె మొహం ఆమెది. మా ముందు తరాల మొహాలు వాళ్లవి కాకుండా పోయిన చరిత్ర ఉంది కనుక కూడా ఇట్లా అనుకుంటానేమో. ఇంగ్లీషువాళ్లు 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చారు, తరవాతి రోజుల్లో మద్రాసు రాష్ట్రంలో మా వాళ్లను కూడా ఆ జాబితాలో చేర్చారు. స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టి రోజూ హాజరు తీసుకున్నారు. ఉన్నాను అని మొహం చూపించుకోవడం అక్కడ ఒక శిక్ష. ఆ చట్టం 1952లో గానీ రద్దు కాలేదు. మొహం చూపించమనడమూ, మొహం కప్పుకోమనడమూ అధికారం చేతిలో ఉన్నప్పుడు రెండూ ఒకే రకంగా బాధిస్తాయి.

ఇక అసలు విషయం. ఈ వ్యాసం రాయడానికి కారణం కరోనా కాదు, టీబీ.

అభయ్ బంగ్ అధ్యక్షతన ఏర్పడిన గిరిజన ఆరోగ్య నిపుణుల సంఘం 2018లో నివేదిక ఇచ్చింది. గిరిజనుల్లో లక్షకు 703 మందికి టీబీ ఉంటుందని అందులో అంచనా. దేశం మొత్తం మీద అది 256. దాదాపు మూడింతలు. ఇరుకు ఇళ్లు, గాలి రాని గదులు, పొగ, సగం కడుపు తిండి, దూరంలో ఉన్న ఆసుపత్రి. కారణాలు మనకు తెలిసినవే. టీబీ కూడా తుంపర ద్వారా, గాలి ద్వారా అంటుకునేదే. మందులు మొదలుపెట్టిన కొద్ది వారాల్లో మామూలు రకం టీబీ అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. కోర్సు ఆరు నెలలు. ఆ మొదటి వారాల్లో, అసలు రోగం ఉందని తెలియకముందు నెలల్లో, మూతికి ఒక గుడ్డ ఉంటే ఇంట్లో పసిపిల్లకు ఎంతో మేలు.

కరోనాకు ముందు మా వాడలో మాస్కు అంటే టీబీ అనే అర్థం. దవాఖానలో మాస్కు ఇస్తే గేటు దాకా పెట్టుకుని, బయటికి రాగానే జేబులో పెట్టుకునేవాళ్లు. ఆ రోజుల్లోనే ఒక పిల్లవాడు, ఇరవై రెండేళ్లుంటాయేమో, హైదరాబాద్‌లో సెంట్రింగ్ పని చేసి దగ్గుతో తిరిగి వచ్చాడు. మందులు వేసుకుంటున్నాడు గానీ మాస్కు మటుకు ముట్టలేదు. అడిగితే, "మూతికి గుడ్డ గట్టుకొని తిరిగితే ఊరందరికి తెల్వదా అన్నా? ఇగ నాకు పిల్లనెవలిస్తరు?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే అతను చెప్పింది నిజం.

2020 తరవాత రెండేళ్లు ఆ నిజం మారిపోయింది. అందరి మూతికీ గుడ్డ ఉన్నప్పుడు టీబీ ఉన్న మనిషి అందరిలో ఒకడు. ఎవరికి ఏ రోగమో మాస్కు చెప్పేది కాదు. దగ్గేవాడు మాస్కుతో బస్సెక్కవచ్చు, పెళ్లికి పోవచ్చు, కూలికి పోవచ్చు, వేలెత్తి చూపేవాళ్లు లేరు. మనలాంటి వాడలకు ఆ రెండేళ్లు ఇచ్చిన మేలు ఏదైనా ఉందంటే అది ఇదే. ఇప్పుడు అందరూ ఒక్కసారిగా తీసేసి, కట్టుకున్నవాణ్ని చూసి నవ్వడం మొదలుపెట్టేసరికి, ఆ పిల్లవాడి మాట మళ్లీ నిజమైంది. మాస్కు మళ్లీ గుర్తు అయింది. మెడలో కుండ అయింది.

నవ్వు చిన్నది అనుకుంటాం గానీ, అది ఎవరి మీద పడుతుందో చూడాలి. మా బడిలో ఒక మేడం ఇప్పటికీ మాస్కు తీయదు. ఇంట్లో వాళ్లమ్మకు డయాలసిస్ నడుస్తోంది. ఆమె నవ్వును పట్టించుకోదు, జీతం ఉంది, పదవి ఉంది, మనిషి కూడా గట్టిది. సెంట్రింగ్ పిల్లవాడు పట్టించుకుంటాడు. ఒకే నవ్వు ఆమెను తాకకుండా పోయి అతని చేత మందుల కవరు దాచిపెట్టిస్తుంది.

జపాన్‌లో మాస్కుకు జరిమానా ఎన్నడూ లేదు. కరోనా రాకముందు కూడా జలుబు చేసినవాళ్లు అక్కడ మాస్కుతో రైలెక్కేవాళ్లు. 2023 మార్చి 13 నుంచి ఎవరి ఇష్టం వాళ్లదని అక్కడి ప్రభుత్వం చెప్పాక కూడా చాలామంది తీయలేదు. అందులో పదిమందీ ఏమనుకుంటారో అనే జంకు కూడా ఉంటుంది, అంతా మర్యాదే అని నేను పొగడను. కానీ అక్కడ మాస్కు చూసి రోగం పేరు ఊహించరు. జలుబు కావచ్చు, పుప్పొడి పడకపోవడం కావచ్చు, ఊరికే కావచ్చు. రోగి దాక్కోవడానికి అక్కడ చోటు ఉంది. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కోవాళ్లు 1919లో మాస్కు వ్యతిరేక సంఘమే పెట్టుకున్నారు. మనం ఈ రెండిటిలో దేనికీ చెందం. జరిమానా ఉంటే కడతాం, లేకుంటే నవ్వుతాం.

మన పెద్దల దగ్గర ఇంతకంటే మంచి పద్ధతి ఒకటి ఉండేది. ఇంట్లో పిల్లకు అమ్మవారు పోస్తే గుమ్మానికి వేపమండ కట్టేవాళ్లు. అది చూసి బయటివాళ్లు లోపలికి పోరు. అంతవరకూ అది మాస్కులాంటిదే. కానీ ఆ వేపమండలో అవమానం లేదు, ఇంటికి అమ్మ వచ్చింది అనేవాళ్లు. బయటివాళ్లకు కూడా పని ఉండేది. బిందె నీళ్లు తెచ్చి గడప బయట పెట్టాలి, కూరో నారో అక్కడే పెట్టి పోవాలి. తగ్గాక వేపాకు వేసిన నీళ్లు పోస్తారు, మండ తీసేస్తారు. ఆ రోజుతో అయిపోయినట్టు ఊరందరికీ తెలుస్తుంది, ఆ పిల్ల మళ్లీ అందరితో ఆడుకోవచ్చు. తండాల్లో సీత్లా భవాని పండుగ కూడా ఈ దారిదే. గొడ్డూ గోదా, పిల్లా జెల్లా రోగాల పాలు కావద్దని తండా మొత్తం కలిసి మొక్కుతుంది, ఏ ఇంటికి ఆ ఇల్లు మొక్కుకోదు.

పెద్దలు చేసిందంతా బంగారమని కాదు. పాత మెదక్ జిల్లాలో బాణామతి చేశారని మనుషుల పళ్లు ఊడగొట్టిన ఊళ్లు కూడా మన ఊళ్లే. రోగం వస్తే వేపమండ కట్టే చెయ్యే, ఎవరో చేయించారని రాయి కూడా పట్టింది. కనుక పాతదాన్ని మొత్తంగా తిరిగి తెమ్మని అనను. కరోనాలో మనం చేసింది మాత్రం, వేపమండ కట్టి నీళ్ల బిందె మరిచిపోవడం. 2020 మార్చిలో ఊరి బాటలకు ముళ్లకంపలు అడ్డం వేశారు, క్వారంటైన్ అని చేతుల మీద ముద్రలు గుద్దారు. ముళ్లకంప అవతల నిలబడ్డ వలస కూలీకి అన్నం ముద్ద పెట్టిన ఊళ్లు ఉన్నాయి, పెట్టనివీ ఉన్నాయి. ఆఖరున స్నానం కూడా లేదు. ఏ రోజుతో అయిపోయిందో ఎవరూ చెప్పలేదు, పోయినవాళ్లను సరిగా సాగనంపలేదు, ఒక్కొక్కరే మాస్కు తీసి మేకుకు తగిలించి పనిలో పడ్డారు.

అందుకే ‘మామూలు రోజులు వచ్చేసినయ్’ అంటే నాకు కొంచెం అనుమానం. మన దగ్గర మామూలు అనే మాటకు ఆఫీసుల్లో ఇంకో అర్థం ఉంది, అడగకుండానే ఇచ్చుకునేది, ఎందుకిస్తున్నామని ఎవరూ అడగనిది. ఈ మామూలు కూడా అట్లాంటిదే. ముక్కు మూసుకుని గంపల బేరమాడటం మామూలే, గారపండ్లది అనడం మామూలే, టీబీ మందులు దాచుకోవడం మామూలే. వీటికి తిరిగి రావడానికి ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది.

యువకులకు నేను అడిగేది కొంచెమే. జలుబో దగ్గో ఉన్న రోజుల్లో, మీకు ఏ పెద్ద రోగమూ లేకపోయినా, మాస్కు పెట్టుకుని వాడలో తిరగండి. ఎవరైనా నవ్వితే జలుబు చేసిందని చెప్పండి. మీలాంటివాళ్లు పదిమంది అట్లా తిరిగితే పదకొండోవాడి మాస్కు వెనక ఏముందో ఎవరికీ తెలియదు. అతను నిశ్చింతగా పెట్టుకుంటాడు, అతని ఇంట్లో పసిపిల్ల బతుకుతుంది. మీకు పోయేదేమీ లేదు. ఒంట్లో బాగున్న రోజున మొహం నిండా నవ్వుతూ తిరగండి, ఎవరు వద్దంటారు?

టీచర్లతో ఇది మాట్లాడినప్పుడు ఒక స్నేహితుడు అడ్డం తగిలాడు. జలుబున్న పిల్లకు మాస్కు పెట్టడం కంటే ఇంట్లో ఉంచమని చెప్పడం మంచిది కదా అన్నాడు. పుస్తకం ప్రకారం అతని మాట సరైనదే. కానీ ఇంట్లో ఉండమనే సలహా ఇంట్లో అన్నం ఉన్నవాళ్లకు పనికొస్తుంది. తల్లిదండ్రులు పొద్దున్నే పత్తి ఏరడానికి పోతే, ఆ పిల్లకు మధ్యాహ్నం వేడన్నం దొరికేది బడిలోనే, వారానికి మూడు గుడ్లు దొరికేదీ బడిలోనే. దగ్గుతున్న తండ్రి కూలికి పోక తప్పదు, ముక్కు కారుతున్న పిల్ల బడికి రాక తప్పదు. ఇంట్లో ఆగే వీలు లేనివాళ్లు పక్కవాళ్ల కోసం చేయగలిగింది ఆ రెండు తాళ్ల గుడ్డ ఒక్కటే. మా బడి బీరువాలో ఒక డబ్బా మాస్కులు ఇంకా ఉన్నాయి. జలుబుతో వచ్చిన పిల్లకు ఒకటి తీసి ఇస్తాను. చదవడం నేర్పే పీరియడ్‌లో ఆ పిల్లను కిటికీ పక్కన కూర్చోబెట్టి, నా మూతి మాత్రం కనపడేటట్టు నిలబడతాను. మొన్న ఒక తల్లి వచ్చి, "మా పొల్లకు ఏమన్న రోగమా సారూ, మూతికి గుడ్డ గట్టినవ్?" అని కొట్లాటకే దిగింది. సర్దిబే అమ్మా, అంతే అన్నాను. ఆమె నమ్మలేదు. రేపు మళ్లీ వస్తానని పోయింది.